వెన్నుకు అంటించిన కాగితం

బైండరమ్మకు ఒక జబ్బు ఉంది. ఎవరింటికి వెళ్ళినా, ఏ ఆఫీసులో కూర్చున్నా, అక్కడ బల్ల మీదున్న పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని వెనక్కి తిప్పి, వెన్ను మీద బొటనవేలు ఆనించి నొక్కి చూస్తుంది. మెత్తగా ఉంటే మొహం చిట్లిస్తుంది. గట్టిగా ఉంటే తల ఊపి ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది. తెరిచి మాత్రం చూడదు. లోపల ఏముందో ఆవిడకు అక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్న మనిషి ఒక్క పుస్తకమూ చదవలేదంటే నమ్మేవాళ్ళు తక్కువే గానీ, నిజం అదే. చదువు రాక కాదు, ఏడో తరగతి దాకా చదివింది. దబ్బనం చేతికిచ్చిన రోజున తండ్రి ఒక మాట చెప్పాడు: "కుట్టేటప్పుడు చదవకు. చదివావా, కుట్టు తప్పుతుంది." ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ మాటను ఆవిడ తు.చ. తప్పకుండా పాటిస్తూనే ఉంది.

షాపు రెండు గదులు. ముందు గదిలో కాగితాలు కత్తిరించే మిషను, ఇనుప ప్రెస్సు, గోడకు చేరవేసిన అట్టలు. వెనక గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, పొయ్యి మీద పిండి జిగురు ఉడికే గిన్నె. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోతే తిరిగి వచ్చి తండ్రి పక్కన పీట వేసుకొని కూర్చుంది, అంతే, ఇక లేవలేదు. ఊళ్ళో సగం ఆఫీసుల రిజిస్టర్లు ఆవిడ చేతి మీదుగానే కడతారు. జైలు రిజిస్టర్లు కూడా. అది తండ్రి కాలం నుంచీ వస్తున్న పని. తమ్ముడు అదే జైలుకు వెళ్ళాక కూడా ఆగలేదు. అక్కడి గుమాస్తాలకు ఆవిడ కుట్టు మీద అంత గురి.

తమ్ముడు ఆవిడ కంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకొని పెంచింది ఆవిడే. బడికి పంపితే గోడ దూకి వచ్చేసేవాడు. చివరికి విసుగొచ్చి షాపులో కూర్చోబెట్టింది. అచ్చయిన పెద్ద కాగితాన్ని మూడు మడతల్లో పదహారు పేజీల ఫారంగా చేయడం వాడి పని. అంచుకు అంచు సరిగ్గా కలిసేది, వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. వీధిలో అందరూ వాణ్ణి మడతగాడు అనేవాళ్ళు. వేల పుస్తకాలు మడిచాడు, అందులో ఒక్క అక్షరం రాదు.

వాడు చేసిన నేరం గురించి దాచడానికేం లేదు. పక్క షాపు వెల్డరుతో మురుగునీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగింది. ఫారాల మీద బరువుకు పెట్టే ఇనుప దిమ్మె వాడి చేతికి అందింది. వెల్డరు పడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ మధ్యాహ్నం వాడికి ముక్కు మీదికొచ్చిన కోపం మొత్తం లెక్కేస్తే అర నిమిషం ఉండదు. యావజ్జీవం పడింది. తీర్పు విన్నప్పుడు తలొంచుకొని "సరేనండి" అన్నాడు. వాడి తప్పు మీద ఎవరికీ అనుమానం లేదు, వాడికైతే అసలే లేదు.

మొదటి నాలుగేళ్ళూ ములాఖత్‌కి వెళ్ళినప్పుడల్లా వాడు అద్దానికి అవతల రాయిలా కూర్చునేవాడు. తిన్నావా అంటే తిన్నాను, ఒంట్లో బాగుందా అంటే బాగుంది. అయిదో ఏట ఒకసారి ఫోను ఎత్తుతూనే, "అక్కా, మన షాపు బోర్డు మీద ఏం రాసుందో నాకు తెలిసింది!" అన్నాడు.

"ఇప్పుడెట్లా తెలిసిందిరా, ఇక్కడ కూర్చొని?"

"బ్యారక్‌లో ఒక ముసలి పంతులు ఉన్నాడు. అక్షరాలు నేర్పాడు. పడుకొని కళ్ళు మూసుకొని మన బోర్డును గుర్తు తెచ్చుకున్నా. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయా. 'అన్ని రకముల బైండింగు నాణ్యముగా చేయబడును.' అంతేగా? ఇరవై ఏళ్ళు దాని కిందే కూర్చున్నానక్కా, గాడిదలా."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రోజు నుంచి వాడు మనిషయ్యాడు.

జైల్లో లైబ్రరీ అంటే ఒక బీరువా. నూట పన్నెండు పుస్తకాలు. సగం వాటికి చివరి పేజీలు ఉండవు, పొగాకు చుట్టుకోవడానికి లేచిపోయాయి. కథ సగంలో ఆగితే మిగతాది తనే అల్లుకొని రాత్రి బ్యారక్‌లో చెప్పేవాడు. ఆ నూట పన్నెండూ రెండేసి సార్లు నమిలేశాక అక్క మీద పడ్డాడు. బయటి నుంచి నెలకు రెండు పుస్తకాలు ఇవ్వచ్చు. దానికి నియమాలున్నాయి. గట్టి అట్ట ఉండకూడదు, అందులో బ్లేడు దాస్తారని. చిరిగి ఉండకూడదు, చేత్తో రాసినవేవీ ఉండకూడదు. గేటు దగ్గర కళ్ళజోడు గుమాస్తా ఒకాయన పుస్తకాన్ని తిరగేసి, దులిపి, చివరికి వాసన కూడా చూసి లోపలికి పంపేవాడు.

ఆవిడ పాత పుస్తకాల షాపుల వెంట కాళ్ళకు బలపం కట్టుకొని తిరిగింది. దొరికినవన్నీ సన్నవి. తమ్ముడు రెండు రోజుల్లో అవగొట్టి మిగతా ఇరవై ఎనిమిది రోజులూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాడు.

"లావు పుస్తకం తీసుకురా అక్కా. దేని గురించైనా సరే. లావుగా ఉంటే చాలు. పేజీ తిప్పుతుంటే ఇంకా బోలెడు ఉందిలే అనిపించాలి," అన్నాడు పదకొండో ఏట.

"అన్నం అడిగినట్టు అడుగుతున్నావేంట్రా?"

"అన్నం పెడుతున్నారులే ఇక్కడ."

అటువంటి పుస్తకం ఒకటి దొరికింది. తూకం కింద పోతుంటే ఆవిడే ఆపి కొన్నది. అట్ట మీద పేరు చెరిగిపోయింది, ఫారాలకు ముందుండే రెండు కాగితాలూ లేవు. తిరగేస్తుంటే మధ్యలో ఒక ఓడ బొమ్మ కనిపించింది. ఓహో, సముద్రాల గురించి అన్నమాట, అనుకుంది. అరవై రెండు ఫారాలు. ఫారానికి పదహారు చొప్పున తొమ్మిది వందల తొంభై రెండు పేజీలు. పురుగు కొట్టింది, దారాలు తెగాయి. ఉన్నదున్నట్టు పట్టుకెళ్తే చిరిగిందని వెనక్కి పంపుతారు. బాగుచేసి గట్టి అట్ట వేస్తే అదీ వెనక్కే. అందుకని విప్పదీసి, పురుగు తిన్న చోట పల్చని కాగితం అతికి, కొత్త దారంతో కుట్టి, మెత్తటి అట్ట వేయాలనుకుంది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. మెత్తటి అట్టతో అంత లావు పుస్తకం నిలబడదు. పది సార్లు తెరిచేసరికి వెన్ను విరుగుతుంది. నిలబడాలంటే కుట్టు మీద జిగురు రాసి, గుడ్డ వేసి, దాని మీద పాత కాగితాల పట్టీలు మూడు పొరలు అంటించాలి. లోపల ఉండిపోయేవి, ఎవరికీ కనిపించనివి. ఏ బైండరైనా దానికి చిత్తు కాగితమే వాడతాడు. కొత్త కాగితం వాడితే తండ్రి చెయ్యి విరగ్గొట్టేవాడు. అందుకోసం ఊళ్ళో పాత కాగితాలు తూకానికి కొనే తూకాలాయన ఒకాయన నెలకో కట్ట తెచ్చి మూలన పడేస్తాడు. అందులోంచి గట్టి కాగితంగా వేలికి తగిలినదాన్ని లాగి, వెన్నంత వెడల్పు కోసి అంటిస్తారు. దాని మీద ఏం రాసుందో చూడడం ఆ పనిలో లేదు.

మడతగాడికి మూడు పొరలు అక్కర్లేదు. నెల రోజులు నిలబడితే చాలు. కానీ ఆవిడ చేతులు ఊరుకోలేదు. వాడు పదే పదే చదువుతాడు, తలకింద పెట్టుకొని పడుకుంటాడు, పదేళ్ళుండాలి, అనుకుంది. మూడు పొరలూ అంటించి, ప్రెస్సు కింద రెండు రోజులు బిగించి, తీసి వెన్ను మీద బొటనవేలు ఆనించి నొక్కింది. కొయ్యలా ఉంది. తన పని చూసుకొని ఆవిడ అంత మురిసిపోయింది చాలా ఏళ్ళ తర్వాత అప్పుడే.

పుస్తకం గేటు దగ్గర ఇచ్చి, ములాఖత్‌లో చెప్పింది. "ఓడల పుస్తకంరా. ఇంత లావుంది. నెలేంటి, ఆర్నెల్లు చదువుకో."

"సముద్రం ఉంటుందా అందులో?"

"ఓడలుంటే సముద్రం ఉండదా?"

వాడు సముద్రం ఎప్పుడూ చూడలేదు. చంటిపిల్లాడిలా నవ్వాడు.

ఆ తర్వాతి నెల వెళ్తే ములాఖత్ గదికి కాకుండా వేరే గదికి తీసుకెళ్ళారు. బల్ల వెనక కొత్తగా వచ్చిన అధికారి ఉన్నాడు. ఎక్కడో ఏదో జైల్లో పుస్తకంలో ఫోను దొరికిందట, అప్పటి నుంచి కుట్టు ఉన్న ప్రతి పుస్తకాన్నీ కోసి చూడమన్నాడట. బల్ల మీద ఓడల పుస్తకం బోర్లా పడుంది, తమ్ముడి చేతికి చేరకుండానే. వెన్ను నిలువునా చీల్చి ఉంది. పక్కన నీళ్ళలో నానబెట్టి విడదీసిన మూడు కాగితం పట్టీలు.

"ఇది ఎవరు అంటించారమ్మా?" అన్నాడు అధికారి.

ఆవిడకు అబద్ధమాడాలన్న ఆలోచనే రాలేదు. "నేనే సార్. అది నా జిగురే."

"చదువు."

చదివింది. గళ్ళు గీసిన కాగితం. ఒక గడిలో జైలు గోడ మీది కాపలా గోపురం నంబరు, ఒక గడిలో వేళలు, ఒక గడిలో కాపలావాళ్ళ పేర్లు. కింద జైలు ముద్ర సగం. ముప్పై ఏళ్ళలో తను అంటించిన పట్టీ మీది అక్షరాలు చదవడం అదే మొదటిసారి.

"తూకం కాగితం సార్. నా షాపుకు చిత్తు కాగితాల్లో వచ్చింది. వెన్నుకు వేస్తాం. నేను చూడలేదు."

"మా కాగితాలు తూకానికి పోవు. తగలబెడతాం. దానికి రిజిస్టరుంది." సొరుగులోంచి తీసి ముందు పడేశాడు. కాల్చిన కాగితాల రిజిస్టరు. ఏ రోజున ఏ కాగితాలు ఎన్ని కాల్చారో వరసగా రాసి, సంతకాలు పెట్టి ఉంది. ఆవిడకు రాత కంటే ముందు కుట్టు కనిపించింది. అది తను కుట్టిందే. స్టోరు గుమాస్తా ఎవడో కాల్చాల్సిన కాగితాలను అమ్ముకొని, కాల్చేశామని ఆవిడ కట్టిన పుస్తకంలోనే రాశాడు. ఆవిడకు అర్థమైంది. ఎదురుగా కూర్చున్న మనిషికీ అర్థమైందని ఆయన కళ్ళలోనే తెలుస్తోంది. కానీ అది ఒప్పుకుంటే సంతకాలు పెట్టినవాళ్ళందరి మెడకూ చుట్టుకుంటుంది. దానికంటే ఒక ఖైదీ మెడ తేలిక.

"మూడేళ్ళ కిందటి కాగితం సార్ అది. తేదీ చూడండి," అని బతిమాలింది.

"వేళలు మారవమ్మా," అన్నాడాయన, మొహం తిప్పుకొని.

మడతగాడిని ఒంటరి గదిలో వేశారు. పారిపోవడానికి పన్నాగం అని రాశారు. పదకొండేళ్ళ సత్ప్రవర్తనకు తగ్గించిన రోజులన్నీ కొట్టేశారు. విచారణ ముగిసేదాకా అచ్చు కాగితం ముక్క కూడా వాడి దగ్గర ఉండకూడదన్నారు. అంతటితో ఆగలేదు. జైలు మొత్తానికి బయటి పుస్తకాలు ఆపేశారు. తోటి ఖైదీలు వాణ్ణి తిట్టని తిట్టు లేదని కళ్ళజోడు గుమాస్తా గేటు దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు.

ములాఖత్ రెండు నెలలకోసారి, పది నిమిషాలు. పక్కన వార్డరు నిలబడి వింటాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు వాడు ఆవిడను కాకుండా ఆవిడ తల వెనక గోడను చూస్తున్నాడు. అక్కడ సందర్శకులకు సూచనలని ఒక బోర్డుంది. పదకొండు సూచనలూ చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"నా మొహం చూడరా."

"చూస్తానక్కా, ఒక్క నిమిషం. తొమ్మిదోది మర్చిపోతానేమోనని." తర్వాత అన్నాడు, "సబ్బు మీది కాగితం కూడా తీసేసి ఇస్తున్నారు. నువ్వు లాయర్ని కలువు. చెప్పాల్సింది చెప్పు. ఎట్లాగైనా ఆ పుస్తకాలు ఇప్పించు. ఇంకేం వద్దు. రోజులు కొట్టేస్తే కొట్టేయనీ."

పది నిమిషాలైందని వార్డరు అంటే, "ఇంకో అర నిమిషం ఉంది సార్, గడియారం చూడండి," అని పోట్లాడాడు. ఎప్పుడూ అంతే వాడు. ఆఖరి క్షణం దాకా ఫోను వదిలేవాడు కాదు.

లాయరు మంచివాడే. కోర్టు వెనక ఇరుకు గదిలో, ఫైళ్ళ మధ్య కూర్చుంటాడు. అంతా విని, "జైలు కాగితాలు చిత్తుకు వస్తున్నాయని రుజువు కావాలమ్మా. మీ తూకాలాయన వచ్చి చెప్తాడా?" అన్నాడు.

తూకాలాయన నీళ్ళు నమిలాడు. "ఏ కాగితం ఎక్కడిదో నేనేమన్నా గుర్తుపెట్టుకుంటానా అమ్మాయ్?"

"బాబాయ్, నువ్వు వెళ్ళి చెప్తే వాడు బతుకుతాడు."

"నేను బతకొద్దా మరి?" అన్నాడాయన. ఆ తర్వాత విచారణకు పిలిస్తే జైలు గడప తొక్కలేదని చెప్పి చేతులు దులుపుకున్నాడు. ఆవిడ షాపుకు చిత్తు కాగితం వేయడం మానేశాడు. ఆయన భయం ఆయనది. తిట్టడానికి కూడా ఆవిడకు నోరు రాలేదు.

ఊరి చివర ఒక గోదాం ఉంది. తూకాలవాళ్ళందరూ కొన్న కాగితం అక్కడ చేరి, వారానికోసారి లారీల్లో మిల్లుకు పోతుంది. అక్కడ తెల్ల కాగితం, రంగు కాగితం వేరు చేసే ఆడవాళ్ళ మధ్య ఆవిడ పనికి కుదిరింది. పొద్దున షాపు, మధ్యాహ్నం నుంచి గోదాం. మిగతావాళ్ళు కాగితాన్ని రంగు చూసి విసిరేస్తుంటే ఆవిడ ప్రతి కాగితాన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదివేది. పరీక్ష పేపర్లు, ఆస్పత్రి చీటీలు, పెళ్ళయిపోయిన శుభలేఖలు, ఎవరో ఎవరికో రాసి చింపేసిన ఉత్తరాలు. ముప్పై ఏళ్ళుగా చదవనిదంతా ఆవిడ అయిదు నెలల్లో చదివింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎగతాళి చేసేది. "ఏమే, కలెక్టరు పరీక్షకు కూర్చుంటున్నావా?"

"కూర్చుంటున్నాను పిన్నీ, పాసవుతానో లేదో," అనేది.

ఆ అయిదు నెలల్లో ఇంకో రెండు ములాఖత్‌లు అయ్యాయి. ఒకసారి తమ్ముడు సూచనల బోర్డు చదవలేదు. "నోటికొచ్చేసిందక్కా," అన్నాడు. ఆ తర్వాతిసారి మాట మధ్యలో ఆగి, "గొడుగు అని రాయాలంటే డకు కొమ్ము ఉంటుందా?" అని అడిగాడు. చేత్తో గాలిలో రాసి చూసుకున్నాడు. తల్లకిందులుగా రాస్తున్నానేమోనని అనుమానం వచ్చి చెరిపేశాడు, గాలినే. ఆవిడ ఇంటికొచ్చి మంచం మీద పడి నోట్లో గుడ్డ కుక్కుకొని ఏడ్చింది.

దొరికింది. ఒక మధ్యాహ్నం, ఇద్దరు మోసుకొచ్చిన కట్టను విప్పితే పైన ఆస్పత్రి చీటీలు, కింద గళ్ళ కాగితాలు. గోపురం నంబరు, వేళలు, పేర్లు, కింద నిండు ముద్ర. తేదీ కిందటి ఏడాదిది. ఒకటి కాదు, నాలుగు. నాలుగూ మడిచి రవికెలో దోపుకొని, చెప్పులు కూడా మర్చిపోయి కోర్టు వెనక గది దాకా నడిచింది. దారి పొడవునా తమ్ముడితో మాట్లాడుతూనే ఉంది. ఇదిగోరా, దొరికింది, ఇక ఎన్ని కావాలంటే అన్ని చదువుకో.

లాయరు కాగితాలు చూశాడు. లేచి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"ఇవి మీ దగ్గరున్నట్టు ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. నేరుగా మీ దగ్గరికే వచ్చాను. ఇది చాలుగా రుజువు?"

"అమ్మా, కూర్చోండి." ఆయన నాలుగు కాగితాల తేదీలూ మళ్ళీ చూశాడు. "మొదటిసారి మూడేళ్ళ పాత కాగితం. తెలియక అంటించానన్నారు, మిమ్మల్ని వదిలేశారు. ఇప్పుడు నాలుగు కొత్త కాగితాలు. ఎక్కడివంటే ఏం చెప్తారు?"

"గోదాంలో దొరికాయని."

"దొరికినప్పుడు చూసినవాళ్ళు?"

చూసినవాళ్ళు లేరు. రంగు చూసి విసిరేసే ఆడవాళ్ళు తప్ప. వాళ్ళకు చదువు రాదు.

"ఒక పాత కాగితం ఉంటేనే మీ తమ్ముడిది పన్నాగం అన్నారు. ఇప్పుడు అక్క దగ్గర కొత్తవి నాలుగున్నాయంటే ఆ పన్నాగం రుజువైపోయినట్టే. మీరు లోపలికి వెళ్తారు. వాడికి ఇంకో పదేళ్ళు పడతాయి. నిజం నిరూపించాలంటే ఈ కాగితాలు మీ చేతిలో ఉండాలి. మీ చేతిలో ఉంటే నేరం."

"పోనీ తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెడతాను. కోర్టువాళ్ళను వచ్చి చూడమనండి."

"పిటిషన్ వేయగానే ముందు జైలుకే నోటీసు వెళ్తుంది. ఆ మర్నాటికి గోదాం ఊడ్చి కడిగినట్టుంటుంది." ఆయన కాగితాలను వేలి చివరలతో ఆవిడ వైపు జరిపాడు. "తగలబెట్టండమ్మా. ఇవాళే. నేను వీటిని చూడలేదు."

ఆవిడ షాపుకొచ్చి వెనక గదిలో పొయ్యి ముందు కూర్చుంది. జైలువాళ్ళు తగలబెట్టామని రాసుకున్న కాగితాలను చివరికి తనే తగలబెట్టాల్సి వచ్చింది. ఒక్కొక్కటే పెట్టింది. గట్టి కాగితం, మంచి మంట వచ్చింది. పైన గిన్నెలో జిగురు ఉడికింది. ఆ జిగురును ఆవిడ పారబోసింది.

ఆ తర్వాతి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు తమ్ముడు నున్నగా గుండు చేయించుకొని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వార్డరు అడుగు దూరంలో గోడకు ఆనుకున్నాడు. ఎదుటి గోడ మీద గడియారం.

"ఏమైనా దొరికిందా అక్కా?"

"లేదురా," అంది.

వాడు తల ఊపాడు. లేదనే చెప్తుందని ముందే తెలిసినట్టు, నెమ్మదిగా. ఆవిడకు నాలుక కోసుకోవాలనిపించింది. దొరికిందిరా, ఈ చేతుల్తోనే కాల్చానురా, అని అరవాలనిపించింది. వార్డరు చెవి గోక్కున్నాడు.

"సరేలే. ఒకటి అడుగుతాను చెప్పు," అన్నాడు. ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగాడు. చాలా నెలల తర్వాత వాడి కళ్ళల్లో కాస్త వెలుగు కనిపించింది. "ఆ ఓడల పుస్తకం. నీ చేతుల మీదుగా పోయిందిగా. అంతా విప్పావు, అతికావు, కుట్టావు. ఎక్కడో అక్కడ కన్ను పడే ఉంటుంది. ఒక్క ముక్క చెప్పక్కా. ఒక్క వాక్యం చాలు. మిగతాది నేను అల్లుకుంటాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. అంతా గుర్తుంది. ఏడో ఫారంలో పురుగు తొలిచిన దారి గుర్తుంది. నలభయ్యో ఫారం అంచున నూనె మరక గుర్తుంది. ఏ చోట దారం ముడి పడిందో, ఏ చోట సూది విరిగిందో గుర్తుంది. కాగితం వాసన, బరువు, ముతకదనం వేళ్ళకు ఇంకా తగులుతూనే ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. తొమ్మిది వందల తొంభై రెండు పేజీల్లో ఒక్క మాట లేదు. గోదాంలో దేశమంతటి చెత్తా చదివిన మనిషి, తమ్ముడి పుస్తకంలో ఒక్క గీత చదవలేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకుంది. ఓడ బయల్దేరింది, అని మొదలుపెట్టబోయింది. ఎక్కడి నుంచి అంటే ఆవిడకు తెలియదు. ఆవిడా సముద్రం చూడలేదు.

"అరవై రెండు ఫారాలురా," అంది చివరికి. "ముప్పై ఒకటో ఫారం తర్వాత ఓడ బొమ్మ ఉంది."

"బొమ్మ కింద ఏం రాసుంది?"

"చూడలేదురా."

వాడు ఆవిడ వైపు చూశాడు. కోప్పడతాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. కోప్పడినా బాగుండేది. ఆ వెలుగు మెల్లగా పోవడం అద్దంలోంచి ఆవిడకు స్పష్టంగా కనిపించింది.

"నిజమేలే," అన్నాడు. "కుట్టేటప్పుడు చదవకూడదుగా."

ఫోను పెట్టేసి లేచాడు. వార్డరు కూడా ఆశ్చర్యపోయి గడియారం వైపు చూశాడు. వాడు తిరిగి చూడకుండా లోపలి తలుపు దాకా నడిచి, అది తెరిచేదాకా దానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ ఫోనును చెవికి ఆనించుకొని అలాగే కూర్చుంది. పది నిమిషాల్లో ఇంకా నాలుగు నిమిషాలు మిగిలే ఉన్నాయి.